పాత బాకీ ఉండగా నగదు

మేం కోస్తా నుంచి వచ్చి ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ఇనుప సామాన్ల కొట్టు పెట్టిన రోజుల్లో, చుట్టూ ఎక్కడ చూసినా కాలనీలు లేస్తున్నాయి. రాడ్లు, మేకులు, తలుపు బందులు, ఏది తెచ్చినా నిలవ ఉండేది కాదు. కొనడం అప్పు మీద, అమ్మడం అప్పు మీద. చివరికి ఇళ్లు కట్టే కాంట్రాక్టరొకడు మాకు పెద్ద బాకీ పెట్టి, సగం లేచిన గోడలు వదిలేసి మాయమయ్యాడు. అప్పటి నుంచి బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత.

దిల్‌సుఖ్‌నగర్‌లోని బ్యాంకు ఇక ఓవర్‌డ్రాఫ్టు పెంచనంది. పొదుపు ఖాతాలో మాత్రం కొంచెం మిగిలింది. ఐపీ పెట్టేద్దామన్నది మా ఆయనే. అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో చేతులెత్తేయడం. ఆ మాట అని గోడవైపు తిరిగి పడుకున్నారు. వకీలు దగ్గరికి వెళ్లడం నా వంతైంది.

సైదాబాద్‌లో ఉండే ఆ పెద్దాయన పాస్‌బుక్కులు, చెక్కుబుక్కులు అన్నీ బల్ల మీద పెట్టించాడు.

"అమ్మా, ఇయ్యాల్టి నుంచి కొత్త అప్పు చెయ్యొద్దు. పాత బాకీల్ల ఒకరికి ఇచ్చి ఇంకొకరిని ఆపొద్దు. పైసలు గానీ ఇల్లు గానీ చుట్టాల పేరు మీదికి మార్చొద్దు. మారిస్తే కోర్టు వెనక్కి గుంజుతది. ఇంటి ఖర్చుకు మాత్రం తీసుకోండి."

"కిరాణా కొట్టు బాకీ కూడా ఆపాలా?"

"చిన్నదైనా అప్పు అప్పే. ఆ పేరు గూడ రాయాలె."

మా వీధి కిరాణా కొట్టు నడిపేది నల్గొండ పల్లె నుంచి వచ్చిన ఒకావిడ. నేను అక్కా అనేదాన్ని. వీధి మొత్తం ఆవిడ దగ్గర ఉద్దెర తెచ్చుకుని, జీతాలొచ్చాక కట్టేది. మేమైతే ఎన్నో నెలలుగా ఏమీ కట్టలేదు.

బ్యాంకులో ఇంటి ఖర్చుకి కొంచెం తీసుకుని, మొదట వెనక వీధి కొట్టుకి చుట్టూ తిరిగి బయల్దేరాను. బాకీ ఉన్నవాళ్లు ఎవరైనా చేసే పనే. సగం దారిలో నా మీద నాకే ఒళ్లు మండింది. దొంగతనం చేశానా ఏమన్నా? ఉత్త సంచితో వెనక్కి తిరిగి అక్క కొట్టుకే వెళ్లాను.

అక్క కందిపప్పు తూచి, అలవాటుగా ఖాతా పుస్తకం అందుకుంది. నేను నోటు ముందు పెట్టాను.

"గిదేం లెక్క చెల్లె? పాతది అట్లనే పెట్టి కొత్తదానికి నగదిస్తున్నవ్." నా మొహంలోకి చూసింది. "ఐపీ పెడుతున్నరా ఏంది?"

మామూలుగా ఐపీ పెట్టేవాళ్లు ఎవరికీ చెప్పరు. కోర్టు కాగితం అందిన రోజున వెళ్లి చూస్తే ఇంటికి తాళం ఉంటుంది. నేనూ అబద్ధం చెప్పొచ్చు. కానీ నేను ఈ వీధిలోనే బతకాలనుకున్నాను, తల దించుకోకుండా.

"అవునక్కా. మీ పేరు కూడా ఉంటుంది. ఉన్నదంతా అమ్మి కోర్టు అందరికీ పంచుతుంది. మీది పూర్తిగా మాత్రం రాదు."

ఆవిడ చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. "నా పిల్లల ఫీజు పైసలు గవి" అంది, అంతే. తిట్టినా బాగుండేది. ఇంటికి ఏడుస్తూనే వెళ్లాను.

తర్వాత ఆదివారం మా బావగారు వచ్చారు, మా ఆయనకి అన్నగారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆయన కూడా మాకు అప్పిచ్చారు. ఖాతాలో మిగిలింది తనకి చెక్కు రాసెయ్యమన్నారు.

"నేను ఇంటివాణ్ణి. బయటివాళ్లు కోర్టులో చూసుకుంటారు. ఇల్లు కూడా నా పేర పెట్టండి. గొడవ సద్దుమణిగాక తిరిగి రాసిస్తాను, కర్మన్‌ఘాట్ హనుమంతుడి మీద ఒట్టు."

అన్ని రోజులూ మంచం దిగని మా ఆయన లేచి కూర్చుని, చెక్కు మీద సంతకం పెట్టారు. బావగారి చెయ్యి చేరేలోపు నేను దాన్ని తీసుకున్నాను.

"మీకిస్తే కోర్టు మీ దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంటుంది బావగారూ. అది వకీలు మాట. నా మాట వేరే ఉంది. పప్పు అరువిచ్చినావిడకి లేదని చెప్పొచ్చాను. ఇది మీకిచ్చి, ఆ కొట్టు ముందు నుంచి ఎలా నడవను?"

"కిరాణా కొట్టుదీ నేనూ ఒకటేనా?"

"బాకీల్లో ఒకటే."

చెక్కు చింపి పొయ్యిలో పడేశాను. బావగారు కాఫీ తాగకుండా వెళ్లిపోయారు, చాలా ఏళ్లు మా గడప తొక్కలేదు. మా ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం లేచి అన్నంలోకి ఏముందని అడిగారు.

ఐపీ పెట్టాం. కొట్టు పోయింది, ఇల్లు పోయింది. వచ్చింది అందరికీ పంచితే అక్కకి సగం కూడా దక్కలేదు. ఈలోపు కిరాయి ఇంటి కోసం నేను తిరగని కాలనీ లేదు. ఐపీ పెట్టినవాళ్లమని తెలియగానే గది ఖాళీ లేదనేవారు. బోర్డు మాత్రం గేటుకి వేలాడుతూనే ఉండేది.

ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన వారం, అక్క కొట్టులో నగదిచ్చి బియ్యం తీసుకుంటున్నాను. తక్కెడ మీంచి కళ్లెత్తకుండానే అంది:

"మా ఎనక అర్ర ఖాళీగుంది. కిరాయి నెల ముందల్నే ఇయ్యాలె. ఉద్దెర లేదు."

"మా వల్ల మీరు నష్టపోయారు కదక్కా" అన్నాను.

"పోయిన. నీ మీద కోపం గూడ పోలే. కానీ పారిపోయేటోళ్లు ముందుగాల చెప్పరు చెల్లె."

కొంగు ముడి విప్పి, ఆ నెల కిరాయి అక్కడే ఇచ్చాను.