కుంకుడు నురగలో నాన్నమ్మ గొలుసు

మొన్న ఆదివారం స్నానానికి వెళ్తూ గొలుసు తీస్తే చేతికి జిగటగా తగిలింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో చూశాను. కొక్కెం సందుల్లో చెమటా పౌడరూ కలిసి నల్లగా గడ్డకట్టి ఉన్నాయి. పిన్నీసుతో గీకి, బుద్ధి గడ్డి తిని వాసన కూడా చూశాను. ఛీ! మధ్యాహ్నం దాకా అన్నం ముట్టబుద్ధి కాలేదు. బాపట్లలో ఇరవయ్యేళ్ళ పైనుంచి పిల్లలకు శుభ్రత పాఠాలు చెప్తున్న టీచరమ్మ మెడలో ఇంత రోతా! వెంటనే నాలుగు కుంకుడుకాయలు కొట్టి వేణ్ణీళ్ళలో నానేశాను. ఆ ఘాటుకి తెనాలిలోని మా మేనత్త, ఆవిడ స్టీలు బేసిను, వాటితోపాటు నేను మర్చిపోవాలనుకున్న ఒక మధ్యాహ్నం కూడా గుర్తొచ్చాయి.

మా ఇళ్ళల్లో పెళ్ళంటే రెండ్రోజుల ముందు ఆడవాళ్ళంతా అత్తయ్య పెరట్లో చేరి నగలు కడిగించుకోవాల్సిందే. కొట్లో మెరుగు పెట్టిస్తే బంగారం అరిగిపోతుందని ఆవిడ నమ్మకం. కుంకుడు రసం, చిటికెడు పసుపు, చంటిపిల్లల బ్రష్షు, అంతే ఆవిడ సరంజామా. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, తువ్వాలు పట్టుకుని పక్కన కూర్చోవాల్సింది నేను. జుంకీల్లోంచి ఊడొచ్చే వెంట్రుకల చుట్టలు, కమ్మల వెనక పేరుకున్న పాత నూనె, గాజుల సందుల్లో ఎప్పటిదో ఎండిపోయిన పిండి. నీళ్ళు మరిగిపోయిన టీలా తయారై పైన తెట్టు కట్టేవి. వాటిని పారబోస్తే పీడా పోయేది. అబ్బే, అందరూ వంగి చూస్తే గానీ ఒలకబొయ్యనిచ్చేది కాదు. "చూడండే, మెడల్లో వేసుకుని ఊరేగుతున్నది ఇదే!" అని మురిసిపోయేది. నేను తువ్వాలుతో ముక్కు మూసుకునేదాన్ని.

ఇది రెండువేల నాలుగో ఐదో, అత్తయ్య కూతురి పెళ్ళప్పటి సంగతి. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, దాంతోపాటు కాస్త టెక్కూ వచ్చింది. రేపల్లె నుంచి మా పిన్ని, అంటే అత్తయ్య తమ్ముడి భార్య, పొద్దున రైలుకే దిగింది. ఆవిడ మెడలో మా నాన్నమ్మ రెండు పేటల గొలుసు ఉండేది. నాన్నమ్మ పోతూ పోతూ సొంత కూతురికి కాకుండా కోడలికి ఇచ్చిన గొలుసు అది. అందుకని పిన్నికి ఆడపడుచంటే ఎప్పుడూ బెరుకే. అందరి నగలూ బేసిన్లో పడ్డాక, "నేను ఇంటి దగ్గర కడుక్కునే వచ్చానండి వదినగారూ" అంది పిన్ని. అత్తయ్య ఊరుకుంటుందా, చెయ్యి చాపింది. గొలుసు అరచేతిలో పడగానే ఒక్క క్షణం ఆగింది. పిన్ని మొహం వైపు చూసింది. బ్రష్షు తగలనివ్వకుండా పక్కన మంచినీళ్ళ గిన్నెలో వేసి, "శుభ్రంగానే ఉందమ్మా" అంది.

శుభ్రంగా ఎక్కడుంది? లంకెల మధ్య నల్లటి మురికి నాకు కనిపిస్తూనే ఉంది. అంతమంది మురికి చూసి వికారంతో ఉన్నదాన్ని, ఈ ఒక్కదానికి మినహాయింపేమిటని ఒళ్ళు మండింది. అత్తయ్య పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళగానే ఆ గొలుసు తీసి, బ్రష్షు మీద పళ్ళపొడి వేసి బరబరా రుద్దాను. మురికి పోయింది. దాంతోపాటు పసుపు రంగూ పోయింది. అడుగున రాగి.

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా. గొలుసు పైకెత్తి, పదిమందిలో, "పిన్నీ, ఇదేంటి, ఎర్రగా వచ్చింది? గిల్టుదా?" అన్నాను.

అత్తయ్య వచ్చి నా చేతిలోంచి గొలుసు లాక్కుని నురగలో ముంచేసింది. "నీ పళ్ళపొడి తగలెయ్య! కుంకుడు మరకే అది, నీ మొహం" అని కసిరింది. ఎవరూ నమ్మలేదు. పిన్ని కొంగు మెడ చుట్టూ లాక్కుని, టీ పెడతానంటూ లేచి వెళ్ళిపోయింది. వంటింట్లో అత్తయ్యతో, "అప్పుడెప్పుడో రైలు కదుల్తుంటే ఎవడో కిటికీలోంచి లాక్కుపోయాడు వదినా. అత్తగారి సొత్తు పోగొట్టానని మీకు చెప్పలేక ఇది కొనుక్కున్నాను" అంటూ ఏడుస్తుంటే, గుమ్మం దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడి విన్నాను. అత్తయ్య మాట కూడా విన్నాను. "అరచేతిలో పడగానే తెలిసిందే పిచ్చిదానా. మా అమ్మ గొలుసు బరువు నాకు తెలీదా?"

పెళ్ళిలో పిన్ని పసుపుతాడుతోనే తిరిగింది. మెడలో కాసు బంగారం లేనిదే గుమ్మం దాటని అత్తయ్య, పెళ్ళికూతురి తల్లి అయ్యుండీ, పసుపుతాడుతోనే పీటల మీద కూర్చుంది. అడిగినవాళ్ళకల్లా "మెడంతా చెమటకాయలండి, ఏం పెట్టినా మంటే" అని చెప్పింది. అయినా పిన్ని మళ్ళీ ఎప్పుడూ నగలు కడిగే రోజుకి రాలేదు. ముహూర్తం వేళకొచ్చి, భోజనాలవగానే రేపల్లె రైలెక్కేసేది. నేను క్షమించమని అడగనూ లేదు. ఈ ఏడాది అడుగుదాం, వచ్చే ఏడాది అడుగుదాం అనుకుంటుండగానే అత్తయ్యా పిన్నీ ఇద్దరూ కాలం చేశారు.

మొన్న నా గొలుసు మూడు నీళ్ళకే తేటపడింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఆ మాటన్న నా నోరు తల్చుకుంటే నాకు రోతే.