తడి గ్లౌజులతో పది సార్లు

ఆసుపత్రి మందుల విభాగం పెద్దావిడకు నర్సులు పెట్టుకున్న పేరు చాదస్తం మేడం. ఆ సంగతి ఆవిడ చెవిన పడకపోలేదు, కానీ చాదస్తం తగ్గితే కదా! మందు మంచిదైతే చాలదు, ఎక్కించే సూదీ మంచిదై ఉండాలంటుంది. ఏ కొత్త రకం వచ్చినా సిరంజిలో నీళ్లు నింపి, గ్లౌజులు తడిపి తొడుక్కుని, పది సార్లు వాడి చూస్తే గానీ సంతకం పెట్టదు.

ఇదేమీ పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. రెండేళ్ల కిందట ఒక రకం సూదిని కాగితాలు మాత్రమే చూసి ఖాయం చేసింది. వాడిన సూది మీదికి తొడుగు జరపాలంటే దానికి రెండో చెయ్యి కూడా కావలసి వచ్చేది. అలా జరుపుతుండగానే, ఎడమచేతివాటం ఉన్న ఒక నర్సు వేలికి రోగికి గుచ్చిన సూది గుచ్చుకుంది. పాపం, ఆ పిల్ల ఆరు నెలలు రక్తపరీక్షల చుట్టూ తిరిగింది. చివరికి ఏమీ లేదని తేలింది. అన్నాళ్లూ మేడంకి కంటి మీద కునుకు లేదు. తప్పు తనదని ఆ పిల్లతో చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఇప్పుడు మళ్లీ సూదులు ఎంచాల్సి వచ్చింది. కంపెనీ మనిషి బల్ల మీద టక్కున తొడుగు మూసి చూపించాడు. సూపరింటెండెంట్ గారు ముచ్చటపడిపోయి, పాత సరుకు వారంలో అయిపోతుంది, సంతకం కానివ్వమన్నారు. మేడం వినిపించుకోకుండా ఆ నర్సునే పిలిపించింది.

మూడోసారికే తడి గ్లౌజులో నర్సు ఎడమ బొటనవేలు జారింది. కుడిచెయ్యి అలవాటుగా సాయానికి వచ్చింది.

"ఆగమ్మా," అంటూ మేడం ఆ చేతిని గబుక్కున పట్టేసుకుంది. సూపరింటెండెంట్ గారే ఇంకో కంపెనీ పంపిన సూదుల్ని ముందుకు జరిపారు.

రెండో కంపెనీ సూది పది సార్లూ ఒంటిచేత్తోనే మూసుకుంది. నర్సు గ్లౌజులు విప్పుతూ, తలెత్తకుండా అంది.

"అప్పుడు కూడా నన్ను పిలిచుంటే బాగుండేది మేడం."

"పిలవలేదమ్మా. కాగితాలు చూసి సంతకం పెట్టేశాను. తప్పు నాదే." మేడం ఎంపిక కాగితాన్ని నర్సు వైపు జరిపింది. "ముందు నువ్వు పెట్టు. వాడేదానివి నువ్వు."

నర్సు పెన్ను అందుకుంది. కాగితం మీదికి వంగి, మళ్లీ ఏమనుకుందో పెన్ను పక్కన పెట్టేసి గ్లౌజులు నీళ్లలో ముంచింది.

"ఉండండి మేడం, ఇంకొక్కసారి చూస్తాను."