చిల్లా మధ్యలో ఆటో ఎక్కాను

ఆ రోజు పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతుంటే కడుపులో తిప్పింది. బాబుకు ఇంకా పాలిస్తున్నాను, నెలసరి మళ్ళీ మొదలే కాలేదు. గ్యాస్ అనుకున్నాను. టెస్ట్ చేస్తే రెండు గీతలు! అత్తగారి ఊరు ఎమ్మిగనూరు నుంచి పుట్టిల్లు ఆదోనికి, నాకు కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గరికే పరిగెత్తాను.

"పాలిచ్చేటప్పుడు కడుపు నిలవదన్నారు కదా మేడం!"

"నెలసరి రాకముందే నిలవొచ్చమ్మా. కాన్పు తర్వాత చెకప్‌కు ఎందుకు రాలేదు?"

ఎలా వస్తాను? మా ముస్లిం ఇళ్ళలో కాన్పయితే నలభై రోజులు చిల్లా. బాలింత గడప దాటదు. ఆదోనిలో పుట్టింట్లో చిల్లా స్నానం కాగానే నేరుగా అత్తగారింటికి వెళ్ళిపోయాను. చెకప్ సంగతి అందరం మరిచాం.

ఈ రెండో కడుపుతో ఉండగా హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం. రక్తం ఎక్కించారు. "వెంటనే మూడోది నిలిస్తే ప్రాణానికే ముప్పు. కాన్పవగానే, ఇంటికి పోకముందే కాపర్-టి పెట్టొచ్చు. పాలకు అడ్డం కాదు, వద్దనుకుంటే తీసేస్తాం" అన్నారు డాక్టరమ్మ. పాప పుట్టింది, పెట్టించుకున్నాను.

ఈసారీ పుట్టింట్లోనే చిల్లా. సగంలో పొత్తికడుపులో నొప్పి, చేతికి కాపర్-టి దారం తగిలింది. జారిపోయిందేమోనని ఆసుపత్రికి బయలుదేరాను. అమ్మ గడపకు అడ్డం నిలబడింది. "స్నానమైనంక పోదువులే. ఇప్పుడు బయటికి పోతే గాలి సోకుతాది."

ఏడుస్తూ అత్తకు ఫోన్ చేశాను. ఎనిమిది మందిని కన్న మనిషి, ఆమె కూడా వద్దంటుందనే అనుకున్నాను.

"పోయినసారి ఆగినందుకే కదా నీకు రక్తం ఎక్కించింది? బుర్ఖా ఏసుకో బేటీ, వస్తాండా."

బస్సు దిగి నేరుగా వచ్చింది. నా చెవుల్లో దూది తనే పెట్టి ఆటో ఎక్కించింది.

స్కాన్ చూసి డాక్టరమ్మ నవ్వారు. "కరెక్ట్ ప్లేస్‌లోనే ఉంది. గర్భసంచి చిన్నదవుతుంటే థ్రెడ్ కిందికి వస్తుంది, కత్తిరిస్తాను." అంతే! అక్కడే గంతులేయాలనిపించింది.

కొన్ని నెలలు నెలసరి ఎక్కువగా అయింది. ఐరన్ మాత్రలు వాడాను, తగ్గింది. పాపకిప్పుడు మూడో ఏడు. ఈ రంజాన్‌లో రోజా ఉండి కూడా కుట్టుమిషన్ మీద పండగ బట్టలు కుట్టాను, కళ్ళు తిరగలేదు! ఎంత సంతోషమో చెప్పలేను.

నా మాట ఒక్కటే: తొమ్మిదో నెలలోనే, చిల్లాకు ముందే డాక్టరును అడగండి. కాపర్-టి, ఇంజెక్షన్, మాత్రలు, ఏది సరిపడుతుందో తెలుసుకుని మీరే ఎంచుకోండి.

మొన్న నిండు గర్భిణి అయిన మా ఆడబిడ్డను తీసుకుపోయిన అత్త, కుర్చీలో కూర్చోకముందే అడిగేసింది. "మేడం, నా కూతురికి అన్నీ ఇప్పుడే సెప్పండి. నాకు ఎవురూ సెప్పలా."