ముప్పావు సీసా నీళ్లు

టెక్కలి నుంచి బస్సులో వెళ్లి, ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. నా పిల్లలకి భిన్నాలంటే భయం. పైనా కిందా ఏ ఎక్కంలో పోతుందో వెతికి కొట్టేయడం దాకా వచ్చేది. కొట్టేశాక మిగిలిన చిన్న భిన్నం, మొదటి పెద్ద భిన్నం ఒకటేనంటే మాత్రం నమ్మేవారు కాదు. అంకెలు తగ్గితే విలువ కూడా తగ్గాలి కదా అని వాళ్ల అనుమానం.

అందుకని ఆ ఏడాది ఒకేలాంటి ప్లాస్టిక్ సీసాలు రెండు పట్టుకెళ్లాను. ఒకదాన్ని ఎనిమిది సమభాగాలు చేసి, రెండోదాన్ని నాలుగు చేసి, ఎర్ర టేపుతో గీతలు అంటించాను. ఎనిమిది భాగాల సీసాలో ఆరో గీత దాకా నీళ్లు పోసి, ఆ నీళ్లనే రెండోదాంట్లోకి వంపాను. సరిగ్గా మూడో గీత దగ్గర ఆగాయి.

"నీల్లు అవే గదా టీచర్! గీతలే మారినాయి!" అని ముందు బెంచీలోంచి ఎవరో అరిచారు. తరగతంతా గోల. నాకు కావలసింది అదే.

ఆ ఉత్సాహంలో బోర్డు మీద పైన ఏడువందల యాభై, కింద వెయ్యి వేశాను. "దీన్ని చిన్నది చెయ్యండి చూద్దాం" అన్నాను. అందరూ సున్నాలు కొట్టేస్తుండగానే, కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, "ముప్పావు టీచర్" అంది.

"ఏ ఎక్కంలో కొట్టావు?"

"కొట్టలేదు టీచర్. మా నానకి రోజుకి అన్నే నీల్లు. లీటరు బాటిల్లో నేనే కొలిసి పెడతాను."

ఎందుకని ఎవరూ అడగలేదు. కిడ్నీల జబ్బు లేని వీధి ఆ ఊళ్లో లేదు.

మార్చిలో ఆ పిల్ల బడికి రావడం మానేసింది. ఓ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి వరండాలో మంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు కొబ్బరిచెట్లు ఎక్కినవాడు. డయాలసిస్ సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచెయ్యి ముడులు కట్టింది. తల్లి పలాసలో జీడిపప్పు పనికి పోతుంది కాబట్టి, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురావడం కూతురి వంతు.

నన్ను చూడగానే ఆయన మోచేతి మీద లేచాడు. "టీచరమ్మా, మీరు సెబితే ఇంటాది. ఒక్క గుక్క ఎక్కువ పొయ్యమనండి."

"వొద్దు నానా" అంది ఆ పిల్ల. "మొన్న ఎక్కువ తాగేసి ఊపిరాడక ఎలగైపోనావు? రేత్రికి ఉంచాల."

ఆయన గోడవైపు తిరిగిపోయాడు. ఆమె గుడ్డ తడిపి తండ్రి పెదాలు తుడిచింది.

ఈస్టరుకి ముందే ఆయన పోయాడు. చర్చి వెనక ఇసక నేలలో పూడ్చారు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక జనం కదిలారు. ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, చుట్టూ చూసి, చిన్నగా అంది. "నిన్న మద్దేనం ఇంకో గలాసు అడిగినాడు టీచర్. నేనియ్యలేదు."

"సరిగ్గానే చేశావమ్మా" అన్నాను. అది నిజమే. అయినా ఆ మాట ఆమెకి ఎందుకూ పనికిరాలేదని ముఖం చూస్తేనే తెలిసింది. తల ఊపి, తల్లి వెనకే నడిచిపోయింది.

జూన్‌లో బడి తెరిచేసరికి తల్లి ఆమెని పలాస తీసుకుపోయింది. అక్కడి బడిలో చేరిందని ఒకరన్నారు. లేదు, తల్లితో కలిసి జీడిపప్పు పొట్టు తీస్తోందని ఇంకొకరన్నారు. పలాస వెళ్లినప్పుడల్లా పని వదిలే వేళకి రోడ్డు పక్కన నిలబడి, గుంపులుగా వచ్చే ఆడవాళ్లలో ఆమె కోసం చూస్తాను. ఇప్పటిదాకా కనబడలేదు.