రెప్పపాటు లెక్కలోకి రాని కెమెరా

మా బావ కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. అంచు విరిగినవీ, నంబరు తప్పినవీ ఏవైనా ఉంటే సాయంత్రానికి ఆయన జేబులో చేరి మా అక్క ఇంటికొస్తాయి. అక్కడ అవి కెమెరాలవుతాయి. అవుతాయని ఆయన నమ్మకం.

ఫ్లాష్ వెలుగు మెత్తబడాలని దానిమీద పాలకవరు కడతాడు. మూడుకాళ్ళ స్టాండు బరువని, కెమెరా అడుగున ఒక తాడు కట్టి, రెండో కొస చెప్పుకింద తొక్కిపట్టి, తాడు బిగిసేదాకా కెమెరాని పైకి లాగి నిలబడతాడు. అలాగైతే చెయ్యి వణకదట. ఒకసారి వానలో అక్క నడిరోడ్డు మీద గొడుగు తెరిస్తే ఊచలు తప్ప ఏమీ లేవు. నల్లగుడ్డ అప్పటికే కత్తిరింపుకి గురై ఏదో కెమెరాకి మడతల తొడుగైపోయింది. తడిసి ముద్దై ఇంటికొచ్చిన అక్క ఏమందో ఇక్కడ రాయను. బావ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు, "గుడ్డ మంచిదోయ్, చుక్క వెలుగు కూడా దూరదు" అన్నాడు నాతో.

నేను షాపులో కొన్న కెమెరా మనిషిని. పెద్ద లెన్సు, పెద్ద సంచి, దానికి తగ్గ గీర. బావ పెట్టెల్ని చూసి నవ్వినన్ని నవ్వులు నేను దేనికీ నవ్వలేదు.

అక్క పెద్దాసుపత్రిలో బట్టల గది చూసుకుంటుంది. చిరిగిన దుప్పట్లు కుడుతుంది, డాక్టర్ల కోట్లకి ఊడిన గుండీలు వేస్తుంది. ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగం. అన్నేళ్ళుగా ఆవిడ మెడలో వేలాడే గుర్తింపు కార్డులో మాత్రం కళ్ళు మూసుకుని ఉంటుంది. తప్పు ఆవిడది కాదు. కెమెరా క్లిక్ మనకముందే అక్క రెప్పలు వాలిపోతాయి. చిన్నప్పటి బడి ఫోటో నుంచీ అంతే. ఆ కార్డు చూసి ఎవరో పెట్టిన పేరు ఆసుపత్రంతా పాకింది: కునుకు మేడం. డ్యూటీలో ఒక్కనాడు కన్నంటుకోని మనిషికి ఆ పేరు! అక్క పైకి నవ్వేసేది. కానీ కార్డుని ఎప్పుడూ తిరగేసి వేసుకునేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు రిటైరవుతోంది. రిటైరైనవాళ్ళ ఫోటోలు ఆసుపత్రి వరండాలో వరసగా తగిలించి ఉంటాయి. సోమవారంలోగా ఫోటో ఇమ్మని ఆఫీసువాళ్ళు అడిగారు.

"నా పేరు రాసి పెట్టమన్నాను. ఫోటో వద్దులే" అంది అక్క, అన్నం వడ్డిస్తూ.

బావ కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. "ఉత్త పేరా? అట్ట ముక్కలాగా?"

"మరేం చెయ్యమంటారు? అక్కడ కూడా నిద్రపోతూ వేలాడాలా? పోయేదాకా ఆ పేరు నన్ను వదలద్దా?"

నేను రంగంలోకి దిగాను. శనివారం పొద్దున నా కెమెరాతో అక్కకి ఊపిరాడనివ్వకుండా టకటకా రెండొందల ఫోటోలు తీశాను. కళ్ళు మూసినవి సగం. తెరిచినవాటిలో, ఎవరో కొట్టబోతుంటే చూస్తున్నట్టుంది పాపం. చాటుగా తీద్దామంటే ఆవిడ చూపెప్పుడూ సూదిమీదే. నా గీర అంతా దిగిపోయింది.

అప్పుడు బావ అటకమీంచి చెప్పుల పెట్టె దించాడు. లోపలంతా నల్లరంగు. ముందు ఒక కళ్ళద్దం, దాని ముందు చిన్న చిల్లున్న ఇనుప వాషరు. వెనక ఫిల్ముకి బదులు ఫోటో కాగితం. మీట లేదు, క్లిక్ లేదు. అద్దానికి తొడిగిన మందుడబ్బా మూత తీస్తే మొదలు, పెడితే అయిపోయినట్టు. ఆ కాగితం మహా బద్ధకపుది. కిటికీ పక్క వెలుగులో పన్నెండు లెక్కపెడితే గానీ దానికి ఏదీ ఎక్కదు.

"క్షణంలో తీస్తేనే కళ్ళు మూసే మనిషిని పన్నెండు క్షణాలు కూర్చోబెడతావా బావా?" అన్నాను.

ఆయన అప్పటికే కుర్చీని కిటికీ పక్కకి జరుపుతున్నాడు. మూడే కాగితాలు మిగిలాయి. అక్క కుర్చీలో బిగుసుకుని, కళ్ళు చేటంత చేసుకుని, నీళ్ళు కారుతున్నా రెప్ప వాల్చకుండా కూర్చుంది. పన్నెండు లెక్కయ్యాక బావ కాగితం కడగడానికి పెట్టెతో స్నానాల గదిలోకి వెళ్ళి ఎర్రబల్బు వేసుకున్నాడు. ఎంతకీ రాడు. ఎలా వచ్చిందోనని నేను ఆగలేక తలుపు తోశాను.

వరండా వెలుగంతా లోపల పడింది. పళ్ళెంలోని కాగితం మా కళ్ళముందే బొగ్గులా నల్లబడిపోయింది.

బావ ఆ కాగితాన్ని తీసి పక్కన పడేశాడు. తిట్టినా బాగుండేది. ఇక ఉన్నవి రెండు కాగితాలు. ఒకటి తియ్యడానికి; అందులో తెలుపూ నలుపూ తారుమారై వస్తాయి కాబట్టి, ఇంకొకటి దాన్ని సరిగ్గా అచ్చు వెయ్యడానికి. ఇది కూడా పోతే సోమవారం గోడమీద ఉత్త పేరే.

"పోనీలెండి, అందులో నేను దయ్యంలా ఉండుంటాను" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "కళ్ళు పగిలిపోతున్నాయి. ఇంక నావల్ల కాదు."

"అసలు నిన్నెవరు రెప్ప వెయ్యద్దన్నారు?" అన్నాడు బావ.

అక్క ఆయనకేసి వింతగా చూసింది. "వెయ్యచ్చా?"

"ఎన్నిసార్లైనా వేసుకో. పన్నెండు లెక్కపెట్టేలోగా నీ కళ్ళు ఎక్కువసేపు తెరుచుకునే ఉంటాయి కదా? కాగితానికి అదే ఎక్కుతుంది. రెప్పపాటుని అది పట్టించుకోదు. తల మాత్రం కదపకు, గోడకి ఆనించు."

పుట్టి బుద్ధెరిగాక కెమెరా ముందు అక్కతో ఎవరూ ఆ మాట అనలేదు. అందరం రెప్ప వెయ్యకు, రెప్ప వెయ్యకు అని చంపినవాళ్ళమే. అక్క భుజాలు దిగాయి. ఒళ్ళో కుడుతున్న దుప్పటి ఉందన్న సంగతి కూడా మరిచిపోయి గోడకి తల ఆనించింది. బావ మూత తీశాడు. పెట్టె పక్కనే నిలబడి, ఆవిడనే చూస్తూ, తొందరపడకుండా ఒకటీ రెండూ అంటూ పన్నెండుదాకా లెక్కపెట్టాడు. అక్క మూడుసార్లు రెప్ప వేసింది. నేను చూశాను. ఒక్కసారి కూడా భయపడలేదు.

ఈసారి నేను తలుపు బయట కావలి కాశాను. అక్క కూడా బావతోపాటు లోపలికి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత, అచ్చు వేసిన కాగితాన్ని పళ్ళెంలో వేసినట్టున్నారు, అక్క గొంతు.

"ఏవండీ, కళ్ళు... కళ్ళే ముందొస్తున్నాయేంటి?"

"నల్లగా ఉన్నవి ముందొస్తాయి. ఆగు, మొహం కూడా వస్తుంది."

అక్క ముక్కు ఎగబీల్చడం వినపడింది.

"మీకు రోజూ కనపడేది ఈ మొహమేనా?"

"ఆ."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నమ్మేదానివా?" అన్నాడు బావ.

తలుపుకి ఇవతల నా కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. దాచుకోవడం దేనికి? పాతికేళ్ళుగా ఆయన పెట్టెల్ని వెక్కిరించినందుకు సిగ్గుపడ్డాను కూడా. ఫోటో చూస్తే అంచులు మసక, ఒక మూల వెలుగు మరక. దుప్పటి మీద వేళ్ళు ఊరికే ఉండలేదేమో, చేతులున్నచోట తెల్లటి పొగలా పడింది. కళ్ళు మాత్రం పెద్దవి, నిబ్బరమైనవి, ఎదుటివాణ్ణి తిన్నగా చూస్తున్నవి.

సోమవారం ఆ ఫోటోని ఆఫీసులో ఇచ్చి రమ్మని అక్క ఎవరికీ అప్పగించలేదు. చీరకొంగుతో ఫ్రేము అద్దం తుడుచుకుంటూ తనే పట్టుకెళ్ళింది. వెనక బావా, నేనూ. వరండాలో నిచ్చెనెక్కిన వడ్రంగి మిగతావాటి వరసలోనే, బాగా ఎత్తున మేకు పెట్టి సుత్తి ఎత్తాడు.

"అంత పైన కాదు బాబూ" అంది అక్క. "కొంచెం కిందికి కొట్టు. కళ్ళు అందరికీ కనపడాలి."