అట్ట మీద శాంతవ్వ

నవల రాయడానికి బాలప్ప పంతులుకు రెండేళ్లు పట్టింది. అందులో ఆయనకు ఏ కష్టమూ లేదు. దానికి అట్ట వేయించడానికి పట్టిన ఏడు నెలలే ఆయన ప్రాణం తీశాయి.

తాండూరు బడిలో ఆయన పంతులు. నవల తన తల్లి శాంతవ్వ గురించి. మొగుడు పోయాక ఆమె నాపరాళ్ల గనుల్లో బండలు మోసి కొడుకును చదివించింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కాబట్టి మూడు వందల పేజీల పుస్తకంలో ఆమె చదువుకోగలిగేది అట్ట ఒక్కటే. దాని మీద బొమ్మ చూసి అవ్వ "ఇది నేనే" అనాలి. బాలప్ప కోరిక అంతే. ఆ మాత్రం కోరికకు ఇన్ని అడ్డంకులుంటాయని ఆయనకేం తెలుసు?

బొమ్మ పని దుకాణాల బోర్డులు రాసే వలీకి అప్పజెప్పాడు. వలీ చేయి మంచిదే, బుర్ర మాత్రం సినిమా పోస్టర్ల దగ్గర ఆగిపోయింది. మొదటిసారి అనంతగిరి గుట్టల మధ్య మెడలో కాసులపేరు వేసుకుని, జడలో మల్లెలు పెట్టుకున్న పిల్లను వేసి తెచ్చాడు.

"మా అవ్వ గిట్ల ఉంటదా వలీ భాయ్?" అన్నాడు బాలప్ప.

రెండోసారి ఆ పిల్ల నెత్తిన బండ ఎక్కింది గానీ మెడలో కాసులపేరు దిగలేదు.

"సొమ్ములు లేని ఆడమనిషిని అట్ట మీద ఎక్కిస్తే రైలు టేసన్ల ఎవడు కొంటడు సారూ? జర సోంచాయించు," అన్నాడు వలీ.

బాలప్పకు ఒళ్లు మండిపోయింది. వలీని రెక్క పట్టుకుని గనికి లాక్కుపోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, బండలు మోసే ఆడవాళ్లను చూపించాడు. నెత్తిన చుట్టబట్ట, దాని మీద బండ, మోకాళ్ల దాకా ఎగగట్టిన చీర. ఆ తర్వాత వలీ తెచ్చిన మూడో బొమ్మను బాలప్ప రెండు చేతులా అందుకున్నాడు. అచ్చం అవ్వే.

అక్కడితో అయిపోతే బాగుండేది. లోపలి పేజీలు హైదరాబాదులో అచ్చయి వచ్చాయి. అట్ట అచ్చు, కుట్టుపని వికారాబాదులో తాజ్ మొహమ్మద్ ప్రెస్సుకు ఇచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఉర్దూ కితాబులు వేస్తున్న పెద్దమనిషి, పనిలో వంక పెట్టడానికి లేదు. అయినా దగ్గరుండి చూసుకుందామనే బాలప్ప అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే అరవై ఒకటో సంవత్సరం జనాభా లెక్కలు వచ్చిపడ్డాయి. పంతుళ్లందరినీ పల్లెల మీదికి తోలారు. మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగి, దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో ఆయన ప్రెస్సుకు వచ్చేసరికి ఐదు వందల పుస్తకాలూ కుట్టి, అట్టలు అంటించి, కట్టలు కట్టి ఉన్నాయి.

ఒకటి తీసి చూశాడు. పేరు లేదు, బొమ్మ లేదు, బోసి అట్ట. తిరగేశాడు. అవ్వ వెనుక ఉంది. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి మొదలవుతుంది. తాజ్ మొహమ్మద్ అలవాటు కొద్దీ బొమ్మను ఆ వైపే వేశాడు. తెలుగు పుస్తకానికి అది చివరి పేజీ వైపు.

"ఇదేంది తాజ్ భాయ్? ముందుండాల్సిన బొమ్మ ఎన్కకు పోయింది."

"కితాబ్ గిట్లనే కదా తెరుస్తరు పంతులు సాబ్," అన్నాడాయన నిదానంగా. అంటూనే ఒకటి తెరిచి, లోపలి తెలుగు చూసి నాలుక కరుచుకున్నాడు. "గల్తీ అయింది. మళ్ల ఏద్దామంటే కాయితం లేదు. అట్ట పీకితే కుట్లు ఊడుతయి."

తిడదామంటే ఆయన తెల్లగడ్డం అడ్డొచ్చింది. బాలప్ప కట్టలు రైలెక్కించి, తాండూరు దాకా తనను తానే తిట్టుకున్నాడు. ఇంటికొచ్చి అన్నింటినీ మంచం కిందికీ మూలలకీ తోసేశాడు.

శాంతవ్వ ఊరుకునే మనిషి కాదు.

"నా కితాబు వచ్చిందంట గద. సూపియ్యవా?"

"తప్పు పడ్డదవ్వా. సక్కగ చేయించి చూపిస్త."

"తప్పులు పట్టనీకి నాకేమన్న సదువొస్తదా?" అని ఆమే వంగి ఒక కట్ట లాగింది.

పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, బొమ్మలోని చుట్టబట్టను వేలితో తడిమింది. "గీమె నేనే గదరా," అంది. ఏడు నెలల చిరాకు బాలప్ప ఒంట్లోంచి దిగిపోయింది. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

ఆమె బొమ్మ ఉన్న అట్టను ఎత్తింది. దాని కింద కనిపించిన పేజీ మీద వేలు పెట్టి, "సదువు," అంది.

అది చివరి పేజీ.

"మొదటి నుంచి చదువుత అవ్వా."

"నా బొమ్మ ఈడుంది. ఈడికెల్లే సదువు."

లేనిది కల్పించి చదవడం ఆ క్షణంలో ఆయనకు చేతకాలేదు. ఉన్నదే చదివాడు. ఆ పేజీలో, గనిలో బండ జారి అవ్వ మీద పడింది. పసివాడైన కొడుకు చూస్తుండగా ప్రాణం విడిచింది. చదివినవాళ్లు ఏడవాలని ఆ ముగింపును ఆయన పదకొండుసార్లు తిరగరాశాడు.

శాంతవ్వ ఏడవలేదు. అట్ట మూసి కొడుకు ముఖంలోకి చూసింది.

"నన్ను సంపినవా?"

"కథ కదవ్వా. గట్లుంటేనే మంది మనసుకు తగుల్తది."

"సచ్చుడు ఎంతసేపురా? నడుము పడిపోయినా తెల్లారి మళ్ల బండకే పోయిన. నిన్ను పంతులును చేసిన. గది ఏడ రాసినవు?"

ఎక్కడా రాయలేదు. వలీ మీదా తాజ్ మొహమ్మద్ మీదా ఏడు నెలలు ఎగిరిన బాలప్పకు ఆ సాయంత్రం కోప్పడటానికి మనిషి దొరకలేదు.