ఎల్లారెడ్డికి పంపిన అర్జెంటు కబురు

కామారెడ్డి బజారులో పుట్టి పెరిగినవాడికి ఆ రోజుల్లో రెండు రకాల మనుషులే తెలుసు. బేరం ఆడేవాళ్లు ఒక రకం, బేరం తెగిపోయాక కూడా ఇంకాస్త ఆడేవాళ్లు రెండో రకం. నేను రెండో రకంవాణ్ణి. చిన్నప్పుడు అమ్మ అన్నం పెడుతుంటే "చారు వద్దు గానీ, దాని బదులు ఇంకో అప్పడం వెయ్యి" అని పళ్లెం ముందు కూడా బేరం పెట్టేవాణ్ణట. అలాంటి నేను హైదరాబాదు వెళ్లి కంప్యూటర్ కోర్సు చదివి (ఫీజులో తగ్గింపు, పైగా ఒక ఫ్లాపీల డబ్బా ఉచితం) ఊరికి తిరిగొచ్చాను. అక్కడ మా మాస్టారు ఒక పాఠం చెప్పారు. కంప్యూటర్లు వేర్వేరు చోట్ల ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు, జవాబు సరిగ్గా ఉంటే చాలదు, వేళకు చేరాలి, ఆలస్యంగా చేరిన సరైన జవాబు తప్పు జవాబే అని. క్లాసులో అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. దుకాణదారు కొడుక్కి ఈ సంగతి కొత్తగా చెప్పాలా అని ఒక చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు నాకెంత పని చేసిందో చెప్పడానికే ఇదంతా.

మా బాపుది బెల్లం హోల్‌సేల్ దుకాణం. పక్కది చక్కెర సేటుది, ఆ పక్కది పప్పుల చాచాది. ముగ్గురికీ సరుకులో సగం ఎల్లారెడ్డి వైపు నుంచే వచ్చేది. అక్కడ మా మేనమామ కమీషన్ దుకాణం నడుపుతూ ముగ్గురి తరఫునా కొనిపెట్టేవాడు. కబురు పంపాలంటే ఫోనులో అరవడమే మార్గం. చక్కెర సేటు అరిస్తే ఫోను లేకపోయినా ఎల్లారెడ్డి దాకా వినబడుతుందని బజారులో అనుకునేవాళ్లు. ఎల్లారెడ్డి సంగతేమో గానీ, ఆయన ఏ రేటుకు కొంటున్నాడో పక్క దుకాణాలన్నిటికీ మాత్రం వినబడేది. సరిగ్గా ఇక్కడే నాకు వ్యాపారం కనిపించింది. మూడు దుకాణాల్లో మూడు పాత కంప్యూటర్లు, వాటి మధ్య ఒక తీగ, మా దుకాణం ఫోనుకు ఒక మోడెం, అవతల మామ దుకాణంలో ఇంకో కంప్యూటరు, ప్రింటరు. ఎవరి కబురు వాళ్లు గప్‌చుప్‌గా టైపు చేసుకుంటే అది ఫోను తీగ మీద వెళ్లి ఎల్లారెడ్డిలో అచ్చయి కాగితంగా బయటికి వస్తుంది. అరుపుల్లేవు, రేటు బయటపడదు. సేటూ చాచా వెంటనే ఒప్పుకున్నారు. బాపు మాత్రం తక్కెడ పళ్లెం తుడుస్తూ నా వైపు చూడకుండా అడిగాడు.

"గిదంత నడిస్తే నీకేం గావాలె?"

"మన దుకాణం మీది అర్ర గావాలె బాపూ. ఆడ కంప్యూటర్ దుకాణం పెట్టుకుంట."

"ఇస్త. కిరాయి గూడ అడుగ. గాని నా కబురు ఒక్కటి టైముకు అందకపోతే నువ్వొచ్చి గల్లా మీద కూసోవాలె."

"ఎన్నొద్దులు?"

"ఎన్నొద్దులేంది? నీకు పెండ్లై, నీ కొడుకు పెద్దోడై, నిన్ను లేపేదాక."

"ఒక్క కబురుకే గంతనా? మూడు తప్పితే ఒకటి లెక్కవెట్టు."

"కన్న తండ్రితోని బేరమా?"

"నేర్పిందెవలు?"

బాపు నవ్వలేదు. ఒక్కటంటే ఒక్కటే అన్నాడు. పై గది మీద ఆశతో నేనూ సరే అన్నాను. నా ప్రోగ్రాం మీద నాకంత ధీమా. గల్లా మీద కూర్చోవడమంటే నాకు ప్రాణసంకటం. అక్కడ కూర్చున్నవాడు లేవడు, లేచినా మళ్లీ అక్కడే కూర్చుంటాడు. మా తాత అలాగే కూర్చున్నాడు, బాపూ అలాగే కూర్చున్నాడు.

ఇక ప్రోగ్రాం సంగతి. ఫోను తీగ ఒక్కటే, కబుర్లు ముగ్గురివి. ఏది ముందు వెళ్లాలో కంప్యూటరుకు తెలియాలి కాబట్టి ప్రతి కబురుకూ ఒక నంబరు పెట్టాను. ఒకటి అంటే చాలా అర్జెంటు, అయిదు అంటే నిదానంగా వెళ్లినా ఫరవాలేదు. చిన్న నంబరుది ముందు పోతుంది. మా మాస్టారు చూస్తే మెచ్చుకునేవారే. కానీ ఆయన జీవితంలో ఎప్పుడూ కామారెడ్డి బజారులో కూరగాయలు కొని ఉండరు. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా అందరి కబుర్లూ ఒకటో నంబరే. నేను దుకాణం దుకాణం తిరిగి బతిమాలాను.

"సేటూ, అన్నీ ఒకటే అయితే ఇగ నంబర్లెందుకు?"

"నాదేమన్న అగ్గువ సరుకా బిడ్డా, అయిదు పెట్టుకోనీకి?"

చాచా దగ్గరికి వెళితే ఆయన నన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, భుజం మీద చెయ్యేసి మెల్లగా అడిగాడు. "బేటా, ఒకటి కంటే ముందు సున్నా ఉంటది గద?"

"ఉంటది చాచా."

"మరి గది నాకియ్యి. సేటుకు చెప్పకు."

చాయ్ తోపాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా ఉన్నాయి. ఇచ్చేశాను. రెండోరోజు చక్కెర సేటు నన్ను గోదాములోకి పిలిచాడు. "నేను ఏడో తరగతి దాక సదివిన. సున్నా కింద మైనస్ ఒకటి ఉంటదని మా సారు చెప్పిండు. ఉంటదా, తీసేసిండ్రా?" ఉంటుందన్నాను. ఒక షర్టు గుడ్డ ఇచ్చాడు (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, గుడ్డ కూడా అంత మంచిది కాదు). వారం తిరిగేసరికి బజారు నా కంప్యూటరును మైనస్ పాతిక దాకా దించింది. పైగా ఇద్దరికీ ఒకటే అనుమానం, "నీ ప్రోగ్రాం, నీ తండ్రి, ఆయనదే ముందు పంపుతవ్" అని. ఆ మాట బాపు చెవిన పడింది. గిరాకీ నిలబడి ఉండగా ఇంటివాళ్లకు సరుకు కట్టకూడదనేది మా దుకాణం పద్ధతి. "మన కబురు అందరికన్న ఎనుక పెట్టు. బజార్ల మాట రావొద్దు" అన్నాడు బాపు. బాపుకు అయిదు పెట్టాను. వెనుక ఉన్నా వెళ్లేది ఎలాగూ వెళుతుంది కదా అనుకున్నాను. ఎదుటివాళ్లు అర్జెంటు అంటూ దూరుతూనే ఉంటే వెనకవాడి వంతు ఎప్పటికీ రాదన్న సంగతి కూడా పాఠంలో ఉందట. ఆ రోజు నేను క్యాంటీనులో సమోసా రేటు తగ్గించే పనిలో ఉన్నాను.

ఇంకో తెలివి కూడా చేశాను. కాగితం ఆదా అవుతుందని కబురు పంపిన టైము అచ్చు కాకుండా తీసేశాను. "ఇది కంప్యూటర్ మామా, ఎప్పటి కబురు అప్పుడే వస్తది, మల్ల టైమెందుకు?" అని ఎల్లారెడ్డి వెళ్లి మామకు చెప్పి మరీ వచ్చాను.

తొలకరి ముందు రోజుల్లో ఒకనాడు పొద్దున్నే బాపు నన్ను పిలిచాడు. "మీ మామకు కబురు కొట్టు. దొరికినంత బెల్లం కొను అని." కొట్టాను, అయిదో నంబరు మీద పెట్టాను, హోటలుకు వెళ్లాను. ఆ పూట గాలి ఎక్కువగా ఉండి ఫోను లైను మాటిమాటికీ తెగిపోతోంది. తెగినప్పుడల్లా నా ప్రోగ్రాం మళ్లీ మొదటికి వచ్చి, అన్నిటికన్నా అర్జెంటుది ఏదా అని వెతికేది. దొరక్కేం? "మీ దిక్కు మబ్బు పట్టిందా" అని సేటు, మైనస్ పాతిక. చాచా బావమరిది ఎల్లారెడ్డిలో మామ పక్క దుకాణంలోనే కూర్చుంటాడు. "చాయ్ తాగినవా" అని అతనికి చాచా, మైనస్ పాతిక. తాగాను అని అటు నుంచి జవాబు. "చక్కెర ఏసుకున్నవా? డాక్టర్ ఏం జెప్పిండు?" అని మళ్లీ చాచా, ఈసారి కోపంతో మైనస్ ముప్పై. ఆ బావమరిది తీపి మానడం ఆ రోజు దేశంలోకెల్లా అర్జెంటు పని. బాపు బెల్లం ఒక మూలన చేతులు కట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నానికి హైదరాబాదులో బెల్లం ధర పడిందని తెలిసింది. బాపు నా దగ్గరికి రాలేదు. "గా డబ్బాల కొడితే ఎప్పుడు పోతదో" అనుకుంటూ బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌కు నడిచి వెళ్లి, మామ పక్క దుకాణానికి ఫోను చేసి మామను పిలిపించి "కొనకు" అన్నాడు. మామ "సరే బావా" అన్నాడు. అక్కడికి కథ సుఖంగా ముగిసిపోవాలి. కానీ సాయంత్రం గాలి తగ్గింది, లైను నిలకడగా దొరికింది, సేటూ చాచా చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకుని అలిసిపోయారు. అప్పుడు నా ప్రోగ్రాం తన ధర్మం తాను నెరవేర్చింది. ఎల్లారెడ్డిలో ప్రింటరు కిర్రుమని కాగితం వదిలింది. దొరికినంత బెల్లం కొను.

మర్నాడు పొద్దున దుకాణం ముందు లారీ వచ్చి ఆగి హారను కొట్టింది. బాపు బయటికొచ్చి, "ఎవలిదయ్యా గీ లారీ? పక్కకు పెట్టు, గిరాకీ అస్తది" అన్నాడు.

"మీదే సేటూ" అన్నాడు డ్రైవరు.

క్యాబిన్లోంచి మామ దిగాడు, యుద్ధం గెలిచి వచ్చినవాడిలాగా. "బావా, ఒక్క దిమ్మ ఇడువలే. రైతులు బండ్లు గట్టుకోని ఇంటికి పోతుంటే ఎదురువోయి ఆపిన."

"కొనకు అన్న గదరా!"

"అన్నవ్. గటెన్క కొను అన్నవ్. ఏదన్నగాని, చివరి మాటే గద మాట."

"నేను చివరికి కొనకు అన్న!"

"మరి గిదేంది?" అని మామ జేబులోంచి కాగితం తీశాడు. "నీకు అడుగుదమని ఫోన్ జేస్తే మీ ఫోన్ ఎంగేజ్. చాచా చాయ్ ముచ్చట మల్ల షురువైనట్టున్నది."

సేటూ చాచా కూడా బయటికొచ్చారు. పంచాయితీ అక్కడికక్కడే, లారీ నీడలోనే జరిగింది. బేరంలో ఎన్ని మాటలు నడిచినా ఆఖరున అన్న రేటే రేటు, మామ చేసింది న్యాయమే అని ఇద్దరూ తేల్చారు. నేను మధ్యలో దూరి, "గా కబురు నిన్న పొద్దటిది!" అని అరిచాను.

మామ కాగితం అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టాడు. "టైమేడ రాసున్నది, చూపెట్టు."

అందరూ నా వైపు చూశారు. నేను కాగితం వైపు చూశాను.

లారీ దించుతుంటే గోదాము నిండింది, వసారా నిండింది. "ఇగ మిగిలింది యాడ పెట్టాలె?" అని హమాలీలు అడిగితే బాపు తలెత్తి మీది అర్ర వైపు చూపించాడు. నా కంప్యూటరు దుకాణం పెట్టాల్సిన గదిలోకి, నా కళ్ల ముందే, బెల్లం మెట్లెక్కి వెళ్లింది. వెనకాలే చీమలు కూడా వెళ్లాయి, అవి మాత్రం ఏ నంబర్లూ లేకుండా బుద్ధిగా వరసలో. సాయంత్రం నేను బాపు ముందు నిలబడి ఆఖరి బేరం పెట్టాను. పెళ్లీ, కొడుకూ, వాడు పెద్దవాడు కావడమూ అంటే చాలా దూరం, మీది అర్ర ఖాళీ అయ్యేదాకా కూర్చుంటాను అన్నాను. బాపు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "సరే" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్న బేరంలో ఏదో మతలబు ఉంటుందని పసివాడికైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు.

వానలు మొదలయ్యాయి. తేమ తగిలితే బెల్లం కారుతుంది కాబట్టి తొందరగా అమ్మెయ్యాలి. నాకు అంతకన్నా తొందర. వచ్చినవాడినల్లా పట్టుకుని, తగ్గించి, కొసరు వేసి అంటగట్టాను. చక్కెర కొనడానికి వచ్చినవాళ్లకు బెల్లం మంచిదని ఉపన్యాసాలిచ్చాను. అయినా అర్ర ఖాళీ కావడంలేదు. పొద్దున నేను మాట్లాడి పంపిన గిరాకీ సాయంత్రం తిరిగి రావడం లేదు. నా నోటి చలవ తగ్గిపోయిందా అని దిగులు పడ్డాను. మధ్యాహ్నాలు బాపు పక్కన కూర్చుని, ఎదురు హోటలు నుంచి వచ్చిన చాయ్‌ని సగం సగం పోసుకుని తాగేవాళ్లం. నా చిన్నప్పుడు దసరా సరుకు కోసం ఇద్దరం కలిసి డోంగ్లి దాకా వెళ్లిన ముచ్చట బాపు చెప్పేవాడు. రోజంతా దుకాణంలో ఉన్నా అంతకుముందు మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్న గుర్తు లేదు.

ఒకరోజు బీబీపేట నుంచి ఒక అవ్వ వచ్చింది. మనవరాలి పెళ్లికి బెల్లం కావాలంది. పెద్ద గిరాకీ. నేను లేచి నిలబడ్డాను.

"మొన్ననే అచ్చిన బిడ్డా, నువ్వు అన్నానికి వోయినవ్. మీ బాపు ఉన్నడు. బెల్లం జర మెత్తవడ్డది, ఇంకో పదొద్దులాగి రా అవ్వా, కొత్తది ఇస్త అన్నడు. నాకు ఆగేతందుకు లేదు. పెండ్లి దగ్గరికొచ్చింది."

నేను బాపు వైపు చూశాను. ఆయన గల్లా పెట్టె పక్కన తల వంచుకుని, ఎప్పుడూ లేనంత శ్రద్ధగా తూకం రాళ్లు సర్దుతున్నాడు. పుట్టినప్పటి నుంచి ఒక్క గిరాకీని వట్టి చేతులతో పంపని మనిషి. మీది అర్రలో బెల్లం కారుతోంది. అది ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆ వయసులో నాకు బేరం తప్ప ఇంకే భాషా రాదు. కాబట్టి ఆ భాషలోనే మాట్లాడాను. "మెత్తగేం లేదవ్వా, మంచిగున్నది" అని, ముందురోజు చెప్పిన ధర కంటే పావలా ఎక్కువ చెప్పాను.

అవ్వ నోరు తెరుచుకుని చూసింది. "గిదేం బజారు బిడ్డా! తండ్రేమో ఇయ్య అనవట్టె, కొడుకేమో పిరం జేయవట్టె. మీకు బెల్లం అమ్మబుద్ధి అయితలేదా ఏంది?"

బాపు తలెత్తలేదు గానీ రాళ్లు సర్దడం ఆపాడు. "అవ్వకు పాత ధరకే ఇయ్యిరా, పెండ్లి సరుకు" అన్నాడు. తర్వాత ఎవరితోనో అన్నట్టు, "మిగిలినోళ్లకు మాత్రం నువ్వు చెప్పిందే మంచిగున్నది" అన్నాడు.

అర్ర ఖాళీ అవడానికి ఆ వానాకాలమంతా పట్టింది. ఆ తర్వాత నేను అక్కడ కంప్యూటరు దుకాణం పెట్టాను, అది నడిచింది కూడా. కబుర్లు వేళకు చేరే ప్రోగ్రాములు చాలానే రాశాను, ప్రతి కబురు మీదా టైము అచ్చేశాను. ఇప్పుడు ఎవరైనా నా దగ్గరికొచ్చి ఎంత తొందరగా అవుతుంది సార్ అని అడిగితే, వానాకాలంలో ఆ గల్లా మీద బాపు పక్కన చాయ్ చల్లారబెట్టుకుంటూ కూర్చున్న పాతికేళ్ల బేరగాడు గుర్తొస్తాడు. జీవితంలో వాడికి బాగా గిట్టిన బేరం అదొక్కటే, ఆ సంగతి వాడికి కాస్త ఆలస్యంగా తెలిసింది.